కౌన్సిలర్ పదవికి వారంలో ఎన్ని గంటలు కావాలి?

ప్రశ్న: నా వయసు నలభై మూడేళ్లు. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. మా ప్రాంత నివాసుల సంఘానికి కొన్నేళ్లుగా కార్యదర్శిగా ఉన్నందువల్ల, రాబోయే నగర కౌన్సిల్ ఎన్నికల్లో మా వార్డు నుంచి నన్ను నిలబడమని సంఘంవారు గట్టిగా అడుగుతున్నారు. పని మీద ఆసక్తి ఉంది గాని సమయం సంగతే తేలడం లేదు. ప్రస్తుతం సభ్యులుగా ఉన్న ఒకరిని అడిగితే "నెలకొక మీటింగు, అప్పుడప్పుడు ఒక కమిటీ, అంతేనండీ" అన్నారు. ఒక విడత చేసి మానుకున్న మరొకరు మాత్రం "ఇల్లు, ఉద్యోగం రెండూ మరిచిపోగలిగితేనే నిలబడండి" అన్నారు. ఇంట్లో హైస్కూల్లో చదువుతున్న అమ్మాయి, లేచి నడవడానికి తోడు కావలసిన అత్తగారు ఉన్నారు. మావారి ఉద్యోగంలో ప్రయాణాలు ఎక్కువ. నేను ఉద్యోగం మానలేను. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? నెలాఖరులోగా సంఘానికి జవాబు చెప్పాలి. — ఒక పాఠకురాలు

సమాధానం: మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ నిజమే చెప్పారు. మొదటివారు హాజరుపట్టీలో సంతకం పెట్టవలసిన సమయాన్ని మాత్రమే లెక్కవేశారు. రెండోవారు ఫోను మోగిన సమయమంతా లెక్కవేశారు. ఇద్దరి లెక్కలోకీ రానిది ఇంకొకటి ఉంది. అది సమావేశానికి ముందు ఇంట్లో ఒక్కరే కూర్చుని కాగితాలు చదవవలసిన సమయం. ఒక నగరపాలక సంస్థ కౌన్సిల్ విభాగంలో చాలాకాలం అజెండాలు తయారుచేసి, తీర్మానాలు రాసినదాన్ని కాబట్టి ఈ మాట కొంత నమ్మకంగా చెప్పగలను: సభ్యుడు పదవిలో ఉండి ఊరికి పనికొచ్చాడా లేదా అన్నది చాలావరకు ఈ మూడో సమయం మీదే ఆధారపడి ఉంటుంది. పైగా దాన్ని ఎవరూ అడగరు, ఎవరూ చూడరు, ఇవ్వకపోయినా ఎవరూ నిలదీయరు. అందువల్ల పని ఒత్తిడి పెరిగిన ప్రతిసారీ మొట్టమొదట కోతపడేది అదే.

ముందుగా గంటల సంగతి చూద్దాం. ఈ పదవికి వారానికి ఇన్ని గంటలు పనిచేయాలని చట్టాలు సాధారణంగా చెప్పవు. ఉదాహరణకు భారత రాజ్యాంగంలో 74వ సవరణ ద్వారా చేరి 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన భాగం, పురపాలక సంస్థకు ఐదేళ్ల కాలపరిమితి నిర్ణయించింది, పన్నెండో షెడ్యూలులో ఆ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను పేర్కొంది. సభ్యుడు ఎంతసేపు పనిచేయాలన్న ప్రస్తావన మాత్రం అందులో లేదు. ఇంగ్లండులో 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ప్రకారం, కౌన్సిల్ ఆమోదించిన కారణమేదీ లేకుండా వరుసగా ఆరు నెలలపాటు ఏ సమావేశానికీ రాని సభ్యుడు పదవి కోల్పోతాడు. చట్టం గీసిన కనీస గీత అంత కిందుగా ఉంది. అదే దేశంలో 2018లో కౌన్సిళ్ల ఉమ్మడి సంస్థ అయిన స్థానిక ప్రభుత్వ సంఘం, కౌన్సిల్ సభ్యులనే అడిగి సేకరించిన వివరాల్లో, కౌన్సిల్ పనికి సగటున వారానికి 22 గంటలు పడుతున్నదని తేలింది. ఉద్యోగం చేసుకుంటూ కొనసాగించే పదవిగానే అక్కడ దాన్ని భావిస్తారు, అయినా అది దాదాపు మరో సగం ఉద్యోగమంత అవుతోంది.

కాని సగటును చూసి నిర్ణయం తీసుకోకండి, ఎందుకంటే ఊరికీ ఊరికీ మధ్య తేడా చాలా ఎక్కువ. న్యూయార్కులో 2016లో తెచ్చిన మార్పులతో 51 మంది సభ్యుల పదవిని పూర్తికాలపు ఉద్యోగంగా పరిగణించి, జీతం పెంచి, బయటి సంపాదనను చాలావరకు నిషేధించారు. లాస్ ఏంజెలిస్‌లో 15 మంది సభ్యుల కౌన్సిల్ మామూలుగా వారానికి మూడు రోజులు సమావేశమవుతుంది, కాబట్టి అక్కడ వేరే ఉద్యోగం చేసుకునే మాటే లేదు. దీనికి పూర్తి భిన్నంగా స్విట్జర్లాండులో, సొంత వృత్తి చేసుకుంటూనే పౌరులు ప్రజాపదవులు నిర్వహించాలన్న సంప్రదాయం బలంగా ఉంది. జూరిక్ నగరంలో 125 మంది సభ్యులున్న సభ బుధవారం సాయంత్రాల్లో కూర్చుంటుంది. ఒకే పదవికి ఇన్ని రూపాలు ఉన్నప్పుడు మీరు మొదట తెలుసుకోవలసింది మీ నగరం వీటిలో దేనికి దగ్గరగా ఉందన్నది.

అది తేల్చుకోవడానికి మూడు సంగతులు అడగండి. మొదటిది, మీ వార్డులో ఎంతమంది నివసిస్తున్నారు? పది వేల మందికి ఒక సభ్యురాలిగా ఉండటానికీ, లక్ష మందికి ఒక సభ్యురాలిగా ఉండటానికీ పేరులో తేడా లేదు గాని రోజు గడిచే తీరులో ఎంతో తేడా ఉంటుంది. టొరంటోలో 2018 ఎన్నికలకు ముందు అక్కడి రాష్ట్ర ప్రభుత్వం కౌన్సిల్‌ను 25 స్థానాలకు కుదించడంతో ఒక్కొక్క వార్డు జనాభా లక్ష దాటింది. సభ్యుల సంఖ్య తగ్గింది గాని ప్రజల సమస్యలు తగ్గవు కదా. అవి మిగిలినవారి మధ్య పంచుకోవలసి వచ్చింది. రెండోది, రోజువారీ పాలన ఎవరి చేతిలో ఉంది? నియమితుడైన కమిషనరో నగర మేనేజరో సిబ్బందిని నడిపించే చోట కౌన్సిల్ విధానం నిర్ణయించి, ఖర్చుకు ఆమోదం తెలిపి, జవాబు అడుగుతుంది. కమిటీలే నేరుగా పనులు నడిపించే చోట సభ్యులకు పనిదినాల్లో పగటిపూట హాజరు తప్పదు. మూడోది, సమావేశాలు ఏ వేళలో జరుగుతాయి? మీలాంటి ఉద్యోగస్థురాలికి ఇది మొత్తం గంటల సంఖ్యకంటే ముఖ్యమైనది. సాయంత్రం ఆరింటికి మొదలయ్యే నాలుగు గంటల సమావేశం కష్టమే అయినా దానికి ఏర్పాటు చేసుకోవచ్చు. ఉదయం పదకొండింటికి మొదలయ్యే గంట సమావేశం మాత్రం ప్రతిసారీ మీ సెలవుల్లోంచి అరపూటో పూర్తి పూటో తీసుకుపోతుంది.

సమావేశాల విషయం ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఇది అందరికీ కనిపించే భాగమే. సర్వసభ్య సమావేశం, మీకు కేటాయించిన స్థాయీ సంఘం (స్టాండింగ్ కమిటీ), మధ్యలో ప్రత్యేక సమావేశాలు, క్షేత్ర పరిశీలనలు ఉంటాయి. పార్టీ తరఫున గెలిస్తే సభ్యులంతా ముందే కలిసి మాట్లాడుకునే సమావేశాలు అదనం. ఇవి ఏ క్యాలెండరులోనూ ఉండవు, రాత్రి పొద్దుపోయాక పెడతారు, రాకపోతే ఊరుకోరు. సమావేశం ఎప్పుడు మొదలవుతుందో చెప్పగలరు గాని ఎప్పుడు ముగుస్తుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి సమావేశం ఉన్న రోజున తర్వాత ఇంకే పనీ పెట్టుకోకూడదు, ముఖ్యంగా అత్తగారి ఆస్పత్రి అపాయింట్‌మెంట్ వంటివి.

ఇక చదవడం. మీరు తప్పకుండా ఆలోచించవలసింది దీని గురించే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అజెండా కాగితాలు సభ్యుల చేతికి ఎంత ముందు అందుతాయన్నది ఆయా చట్టాల మీద ఆధారపడి ఉంటుంది. ఇంగ్లండులోని ప్రధాన కౌన్సిళ్లలో సమావేశానికి ఐదు పూర్తి రోజుల ముందే కాగితాలు ప్రజలకు అందుబాటులో ఉండాలి. కాలిఫోర్నియాలో సాధారణ సమావేశపు అజెండాను 72 గంటల ముందు ప్రకటించాలి. అంటే మీరు ఎంత తీరిక ఉన్న మనిషైనా, చదవడానికి దొరికేది ఆ కొద్ది రోజులే. నెలంతా సమానంగా పరుచుకునే పని కాదిది. సమావేశానికి ముందున్న రెండు మూడు రాత్రుల్లోకి మొత్తం వచ్చి పడుతుంది. ఆ రాత్రుల్లోనే మీ ఆఫీసులో నెలాఖరు లెక్కల ముగింపు కూడా ఉంటే ఏం చేస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి. నిజానికి మీ విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే.

ఆ కాగితాల్లో ఏముంటుందో ఒక ఉదాహరణ చూడండి. అజెండాలో ఎక్కడో మధ్యన "మురుగు కాలువ పనికి గడువు పొడిగింపు, సవరించిన అంచనాకు ఆమోదం" అని ఒక్క వాక్యం ఉంటుంది. చాలామంది సభ్యులు ఆ వాక్యం చదివి పేజీ తిప్పేస్తారు. దాని వెనుక ఇంజనీరింగ్ విభాగం నోటు, మొదటి అంచనా, సవరించిన అంచనా, గుత్తేదారు రాసిన ఉత్తరం జతపరచి ఉంటాయి. రెండు అంచనాలను పక్కపక్కన పెట్టి వరుస వరుసగా చూస్తే, కాలువ పొడవు మారలేదు, సిమెంటు పని మారలేదు, మట్టి తవ్వకం అన్న వరుసలో మాత్రం కొంత భాగం "గట్టి రాయి తవ్వకం" కిందికి మారి, ధర పెరిగిందని తెలుస్తుంది. రాయి నిజంగానే తగిలి ఉండవచ్చు, నేల లోపల ఏముందో తవ్వేదాకా తెలియదు. కాని రాయి తగిలిందని ఏ తేదీన గుర్తించారు, కొలతల పుస్తకంలో ఎవరు నమోదు చేశారు, గుత్తేదారు ఉత్తరం ఆ తేదీకి ముందు రాసిందా తర్వాత రాసిందా అన్న మూడు ప్రశ్నలు అడగడానికి ఒక సభ్యురాలికి ఇరవై నిమిషాల చదువు సరిపోతుంది. ఆ ఇరవై నిమిషాలు ఎవరూ పెట్టకపోతే, అంశం చదివినంతసేపు కూడా పట్టకుండా ఆమోదం పొందుతుంది. మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి ఇలాంటి పట్టికల్లో ఏ అంకె పొసగడం లేదో మీ కన్ను ఇట్టే పట్టుకుంటుంది. మీ సంఘంవారు మిమ్మల్ని అడగడంలో మంచి ఆలోచన ఉందని నాకు అనిపించింది అందుకే.

అజెండాలో నలభై అంశాలు ఉంటే నలభైనీ ఒకే శ్రద్ధతో చదవనక్కరలేదు. డబ్బు ఖర్చయ్యేవి, భూమి చేతులు మారేవి, నిబంధనల నుంచి మినహాయింపు అడిగేవి, మీ వార్డుకు సంబంధించినవి మొదట పక్కకు తీసుకోండి. మిగిలినవాటిని పైపైన చూస్తే చాలు. అనుమానం వచ్చిన చోట సమావేశంలోనే లేచి అడగడం కంటే, ముందురోజు సంబంధిత అధికారిని పిలిచి అడిగితే అసలు జవాబు దొరుకుతుంది, అధికారికీ దస్త్రం తీసి చూసుకునే వ్యవధి ఉంటుంది. దీనికీ సమయం కావాలి, అదీ ఆఫీసు వేళల్లో కావాలి. ఈ చదువు, దాని వెంట వచ్చే ఫోన్లు కలిపి, పెద్ద సమావేశం ఉన్న వారంలో ఏడెనిమిది గంటలకు తగ్గకుండా పక్కన పెట్టుకోవాలని నా అభిప్రాయం. అంత ఇవ్వలేని పక్షంలో ఈ పదవి తీసుకోకపోవడమే మేలు. కఠినంగా అనిపించినా ఈ మాట మార్చలేను, ఎందుకంటే చదవని సభ్యుడు వేసే ఓటు నిజానికి ఆ నోటు రాసినవారి ఓటే అవుతుంది.

మీతో మాట్లాడిన రెండోవారు భయపెట్టింది ప్రజలకు ఇవ్వవలసిన సమయం గురించి. అది భయపడదగినదే. ఒక ఫిర్యాదు తీసుకుందాం. రాత్రి తొమ్మిదింటికి ఒకావిడ ఫోను చేసి, వీధి చివర మ్యాన్‌హోలు పొంగి మురుగు ఇంటి మెట్లదాకా వచ్చిందంటారు. మాట్లాడటానికి ఐదు నిమిషాలు పడుతుంది. మీరు విభాగపు ఇంజనీరుకు ఫోను చేస్తారు, ఆయన ఎత్తరు. సందేశం పెడతారు. ఉదయం ఆయన పిలిచి మనుషులను పంపామంటారు. మధ్యాహ్నం ఆవిడ మళ్లీ పిలిచి, వచ్చారు గాని పైపైన తీసి వెళ్లిపోయారంటారు. మళ్లీ ఇంజనీరుకు ఫోను. అక్కడ పైపు సైజు చాలదని, కొత్త లైనుకు ప్రతిపాదన పంపాలని ఆయన అంటారు. ఆ ప్రతిపాదన ఏ దశలో ఉందో రెండు వారాలకొకసారి మీరే కనుక్కోవాలి, ఎందుకంటే మీరు మరిచిపోతే అది అక్కడే ఆగుతుంది. ఒక్క ఫోనుగా మొదలైనది ఆరేడు సంభాషణలై కొన్ని నెలలు నడుస్తుంది. ఇలాంటివి ఒకేసారి ముప్పై నలభై నడుస్తుంటాయి.

ఇందులో సభ్యులు పడే బాధ చాలావరకు గంటల వల్ల వచ్చేది కాదు. ఆ గంటలు మన చేతిలో లేకపోవడం వల్ల వస్తుంది. అమ్మాయి ఏదో చెప్పుకుంటున్నప్పుడు, అత్తగారిని లేపి కూర్చోబెడుతున్నప్పుడు, మీ మేనేజరు ఎదుట ఉన్నప్పుడు ఫోను మోగుతుంది. అవతలివారికి అది ఆ రోజుకు అతి ముఖ్యమైన విషయం. విసుగు వినిపించిందంటే వారు మరిచిపోరు. కాబట్టి మొదటి నెలలోనే ఒక పద్ధతి పెట్టి అందరికీ తెలిసేలా చెప్పండి. వ్యక్తిగత నంబరు వేరు, వార్డు నంబరు వేరు ఉండాలి. వారంలో ఒక సాయంత్రం, సెలవు రోజున రెండు గంటలు ఒకే చోట అందుబాటులో ఉంటే, "ఆవిడ దొరకరు" అన్న మాట పడదు. ప్రాణాపాయం, వరద, విద్యుత్ ప్రమాదం వంటివాటికి ఏ వేళైనా ఫోను ఎత్తండి. మిగిలినవాటికి మరుసటి రోజు జవాబిస్తే తప్పు లేదు. నగరానికి ఫిర్యాదుల విభాగం ఉంటే ప్రతి ఫిర్యాదునూ ముందు అక్కడ నమోదు చేయించి, ఆ నంబరు అడిగి తీసుకోండి. ఇది జనాన్ని తప్పించుకోవడం కాదు. నమోదైన ఫిర్యాదు లెక్కలోకి వస్తుంది, బడ్జెట్ సమయంలో "ఈ వీధి నుంచి ఏడాదిలో ఇన్నిసార్లు వచ్చింది" అని చూపించడానికి ఆధారమవుతుంది. మీ ఫోనులో మాత్రమే ఉన్న ఫిర్యాదు మీతోనే ముగిసిపోతుంది.

ఇదే సందర్భంలో ఇంకొక మాట. ఒత్తిడి పెరిగినప్పుడు ఇంట్లోవారో బంధువులో "నీ బదులు నేను మాట్లాడతాలే" అని ఫోను తీసుకోవడం మొదలవుతుంది, ముఖ్యంగా సభ్యురాలు స్త్రీ అయినప్పుడు. ప్రేమతోనే మొదలవుతుంది, కాదనను. కొన్నాళ్లకు అధికారులు వారితోనే మాట్లాడతారు, గుత్తేదారులు వారినే కలుస్తారు, సంతకం మాత్రం మీది ఉంటుంది. వంటా ఇంటి పనీ ఎవరితోనైనా నిశ్చింతగా పంచుకోండి. మీరు ఇవ్వవలసిన మాటను మాత్రం ఎవరికీ అప్పగించకండి. ఫోన్లు రాసి పెట్టుకోవడానికి సాయం కావాలంటే కుటుంబానికి సంబంధం లేని మనిషిని, వారంలో కొన్ని గంటలకైనా సరే, బహిరంగంగా పెట్టుకోండి.

వారం లెక్కతో పాటు ఏడాది లెక్క కూడా చూసుకోవాలి. బడ్జెట్ తయారయ్యే నెలల్లో పని రెట్టింపవుతుంది. భారీ వర్షాలో, వేడిగాలులో, అంటువ్యాధో వచ్చిన వారాల్లో మామూలు లెక్కలేవీ పనిచేయవు; ఆ రోజుల్లో మీరు వార్డులో కనిపించాలి, కనిపించడం న్యాయం కూడా. మొదటి ఏడాది మిగతా ఏళ్లకంటే బరువుగా ఉంటుంది, ఎందుకంటే నిబంధనలు, దస్త్రాల భాష, ఏ విభాగంలో ఎవరిని అడగాలన్నది అన్నీ ఒకేసారి నేర్చుకోవాలి. ప్రచార కాలాన్ని ఇందులో కలపలేదు. నామినేషన్ వేసిన రోజు నుంచి ఓటింగ్ దాకా ఉద్యోగానికి సెలవు తప్పదనే అనుకోండి. ప్రారంభోత్సవాలు, సన్మానాలు, శుభకార్యాల పిలుపుల సంగతికొస్తే, అన్నిటికీ వెళ్లాలని ఎవరు చెప్పినా నమ్మవద్దు. మొదట రెండు మూడు కాదంటే కొంత నిష్ఠూరం వస్తుంది, తర్వాత జనం అలవాటు పడతారు. చదవవలసిన రాత్రిని రిబ్బను కత్తిరింపుకు ఇచ్చే సభ్యులను చాలామందిని చూశాను, అది నాకు ఎప్పుడూ బాధగానే ఉండేది.

ఉద్యోగం విషయం మీరు ఊహించినదానికంటే ముందుగా తేల్చుకోవాలి. కొన్ని దేశాల్లో చట్టం కొంత రక్షణ ఇస్తుంది. బ్రిటన్‌లో 1996 నాటి ఉద్యోగ హక్కుల చట్టం ప్రకారం, కౌన్సిల్ సభ్యులైన ఉద్యోగులకు ఆ విధుల కోసం యజమాని సహేతుకమైన సమయం ఇవ్వాలి, అయితే ఆ సమయానికి జీతం ఇవ్వాలన్న నియమం లేదు. మీకు అలాంటి హక్కు ఉందో లేదో కనుక్కోండి. ఉన్నా లేకపోయినా మీ సంస్థతో రాతపూర్వకంగా మాట్లాడుకోవడమే మంచిది. నోటిమాటగా "చూద్దాంలెండి" అన్న మేనేజరు మారిపోవచ్చు, మీ పదవీకాలం మాత్రం నాలుగైదేళ్లు సాగుతుంది. నెలకు ఎన్ని పూటలు వదులుతారు, జీతం కోతతోనా సెలవుతోనా, నెలాఖరు లెక్కల సమయంలో కౌన్సిల్ సమావేశం వస్తే ఏది ముందు, ఇవన్నీ ఆ కాగితంలో ఉండాలి. మీ సంస్థకు నగరపాలక సంస్థతో కాంట్రాక్టు గాని, ఖాతాలు చూసే ఒప్పందం గాని ఉంటే, నామినేషన్‌కు ముందే న్యాయ సలహా తీసుకోండి. కొన్నిచోట్ల అటువంటి సంబంధం అనర్హతకు దారితీయవచ్చు, అనర్హత కాని చోట కూడా ఆ అంశాల్లో మీరు చర్చ నుంచి తప్పుకోవలసి రావచ్చు.

జీతం కోత పడే పక్షంలో కౌన్సిల్ ఇచ్చే భత్యం దాన్ని పూడుస్తుందని ఆశ పెట్టుకోవద్దు. అమెరికాలోని శాన్ ఆంటోనియో అంత పెద్ద నగరంలో కూడా, 2015లో ఓటర్లు జీతానికి ఆమోదం తెలిపేదాకా సభ్యులకు సమావేశానికి 20 డాలర్ల చొప్పున మాత్రమే ఇచ్చేవారు. ఇలాంటి ఏర్పాటు ఉన్నచోట తీరిక, ఆస్తి ఉన్నవారే నిలబడగలుగుతారు. నెల జీతం మీద బతికేవారు, ఇంట్లో ముసలివారిని చూసుకునేవారు దూరంగా ఉండిపోతారు. వారి ఇబ్బందులు తెలిసిన మనిషి సభలో లేకుండా పోతుంది. మీలాంటివారు సభకు రావాలని నేను కోరుకోవడానికి ఇదీ ఒక కారణం, అలాగని మీ ఇంటి ఖర్చు లెక్క చూసుకోకుండా రమ్మని మాత్రం అనను.

ఇంట్లో ఎవరెవరు ఏమి వదులుకుంటారన్నది అందరూ కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. మీవారికి ప్రయాణాలు ఎక్కువ అన్నారు. అంటే వారు ఊళ్లో లేని రోజున సమావేశం ఉంటే అత్తగారి దగ్గర ఎవరుంటారన్న ప్రశ్నకు పేరుతో సహా జవాబు కావాలి. ఎవరో ఒకరు ఉంటారులే అనుకున్న ఏర్పాటు రెండో నెలలోనే తప్పుతుంది. అత్తగారిని కూడా అడగండి. ఆవిడ పూట గడవడం మీ మీద ఆధారపడి ఉన్నప్పుడు ఆవిడకు తెలియకుండా ఈ నిర్ణయం జరగకూడదు. అమ్మాయి పరీక్షల ఏడాది ఎప్పుడు వస్తుందో, అది మీ మొదటి ఏడాదితో కలుస్తుందో చూసుకోండి. కలిస్తే ఆ కొద్ది నెలలూ వార్డు సాయంత్రాన్ని తగ్గించుకుంటానని ఎన్నికలకు ముందే చెప్పినా జనం అర్థం చేసుకుంటారు. చెప్పకుండా మాయమైతే మాత్రం అర్థం చేసుకోరు.

నెలాఖరుకు ఇంకా కొంత వ్యవధి ఉంది కాబట్టి ఈలోగా ఒక పని చేయండి. రాబోయే కౌన్సిల్ సమావేశపు అజెండా సంపాదించండి. చాలా నగరాలు దాన్ని ప్రజలకు అందుబాటులో ఉంచుతాయి, లేకపోతే మీ ప్రస్తుత సభ్యుల నుంచి అడిగి తీసుకోండి. మామూలు పనిదినాన, ఇంటి పనులన్నీ అయ్యాక, గడియారం చూసుకుని దాన్ని చదవడం మొదలుపెట్టండి. పైన చెప్పిన రకం అంశాలను ఎంచుకుని, ఒక్కొక్కదాని కింద మీకు తోచిన ప్రశ్న రాయండి. తర్వాత సందర్శకుల గ్యాలరీలో కూర్చుని సమావేశం మొదటి నుంచి చివరిదాకా చూడండి, మీ ప్రశ్నల్లో ఎన్నిటిని అక్కడ ఎవరైనా అడిగారో గమనించండి. ఎవరూ అడగని ప్రశ్నలు మీ కాగితం మీద మిగిలితే, ఆ సభలో మీకు పని ఉంది. చదువుతుండగానే విసుగుపుట్టి మూసేయాలనిపిస్తే అదీ నిజాయితీ గల జవాబే. అలసట ఒక రాత్రిది కావచ్చు గనుక ఇంకొక రాత్రి కూడా ప్రయత్నించి అప్పుడు నిర్ణయించుకోండి.

ఒకవేళ ఈ విడత కుదరదనిపిస్తే, సభలోకి వెళ్లకుండానే చేయదగిన పని చాలా ఉంది. భారత రాజ్యాంగం మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పురపాలక ప్రాంతాల్లో వార్డు కమిటీలు ఉండాలంటుంది. ఇతర దేశాల్లోనూ ప్రణాళిక, పార్కులు, గ్రంథాలయాల వంటి విషయాలకు పౌరుల సలహా మండళ్లు ఉంటాయి. వాటికి పట్టే సమయం చాలా తక్కువ, అజెండా చదివే అలవాటు మాత్రం అక్కడే వస్తుంది. అమ్మాయి పెద్ద చదువులకు వెళ్లాక వచ్చే ఎన్నికల్లో, అప్పటికే దస్త్రాల భాష తెలిసిన అభ్యర్థిగా మీరు నిలబడవచ్చు.

నిలబడాలనే నిర్ణయానికి వస్తే, సంఘంవారికి వట్టి "సరే" అని చెప్పకండి. మిమ్మల్ని పంపాలన్న ఆసక్తి వారిదే కాబట్టి పనిలో వాటా కూడా అడగండి: వీధికొకరు చొప్పున ఫిర్యాదులు రాసి నమోదు చేయించే బాధ్యత ఎవరిది, సమావేశానికి ముందు రాత్రుల్లో వార్డు ఫోను ఎవరు చూస్తారు, వారు పిలిచిన ప్రతి వేడుకకూ మీరు రాకపోతే నిష్ఠూరపడబోమని మాట ఇస్తారా? ఆ పేర్లు ఒక కాగితం మీదికి వచ్చాక, మీ సంస్థ నుంచి రాతపూర్వకమైన ఒప్పుదల చేతిలో ఉన్నాక, నామినేషన్ పత్రం తీసుకోండి.